చివరి అంకె దాకా

"ఆ బటన్ నొక్కడం ఆపండి లెక్కలమ్మా, అదేమన్నా ఇంటి కాలింగ్ బెల్లా, ఎవరో ఒకరు వచ్చి తలుపు తియ్యడానికి?" అన్నాడు కొలిమి, గంట బొమ్మ మీద వేలు పెట్టి నేను పదిహేనోసారి నొక్కుతుంటే. మూడూ పన్నెండుకి ఆగిపోయింది ఈ దిక్కుమాలిన లిఫ్టు. ఇప్పుడు మూడూ ఇరవై. నాలుగో అంతస్తుని వదిలేసింది, ఐదో అంతస్తుని అందుకోలేదు, సరిగ్గా మధ్యలో నిలబడి తనకేమీ పట్టనట్టు ఉంది. తలుపుల సందులోంచి సిమెంటు గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. మూడున్నరకి ఐదో అంతస్తులో మీటింగు. ఆ మీటింగులో పెద్దసారు అడగబోయేది ఒక్కటే ప్రశ్న, తప్పు ఎవరిది అని. జవాబు ఆయన జేబులో ముందే ఉంది. అక్కది. అక్క అంటే నాకు తోడబుట్టిన అక్క కాదు, నా కింద పనిచేసే రీసెర్చి ఉద్యోగి, నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది, ఇద్దరు పిల్లల్ని హైస్కూలు దాకా పెంచి పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఫిజిక్సు పుస్తకం తెరిచిన మనిషి. నేను ఆవిణ్ణి అక్కా అంటాను, ఆవిడ నన్ను మేడమ్ అంటుంది, ఇద్దరిలో ఎవరు పెద్దో భోజనాల బల్ల దగ్గర ఒకలా, కంప్యూటర్ ముందు ఒకలా ఉంటుంది. ఈ నెలాఖరుతో ఆవిడ కాంట్రాక్టు అయిపోతుంది. తప్పు ఆవిడ నెత్తిన పడితే మళ్లీ రాయరు. నలభై నాలుగేళ్ల వయసులో, లెక్క తప్పిందన్న ముద్రతో, ఇంకెక్కడా రానివ్వరు. ఆవిడ తరఫున మాట్లాడాల్సిన ఒకే ఒక్క మనిషిని నేను, నేనేమో ఇక్కడ, ఇనప డబ్బాలో, ఫ్యాను కూడా ఆగిపోయిన ఇనప డబ్బాలో, ఫోను ఎత్తని ఈ మహానుభావుడితో పాటు.

ఫోను ఎత్తి ఉంటే ఈ బాధ ఉండేదా? ఎత్తడు. నేలమాళిగలో ఊదారంగు మంటగోళం ముందు కూర్చుని వాయువుల్లోంచి వజ్రాలు పెంచుతాడు, అందుకే అందరికీ కొలిమి, ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. మీటింగులో ఆయన కూడా ఉండాలి, ఎత్తడని తెలిసే లాప్‌టాప్ మీటింగు గదిలో పడేసి కిందకి పరిగెత్తాను, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. మెట్లెక్కి పోదామండీ అన్నాడు పాపం. మోకాళ్లు అరిగిపోయిన యాభై నాలుగేళ్ల మనిషి మెట్లెక్కుదామంటే, ముప్పై అయిదేళ్ల నేను టైము లేదు, లిఫ్టెక్కండి అన్నాను. టైము లేదు. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటానో ఎవరైనా లెక్కపెడితే ఆ అంకె కూడా చూసి తీరాల్సిందే. ఇప్పుడు ఆయన మూలలో కాళ్లు చాపుకుని కూర్చుని, అగ్గిపెట్టెలో సగం ఉన్న డబ్బాని అరచేతిలో ఆడిస్తున్నాడు. అందులో మూడు మిల్లీమీటర్ల వజ్రం ముక్క. ఎనిమిది నెలల పని. నా అంకెని నమ్మి చేసిన పని.

అంకె ఆరువందల ఇరవై. వజ్రమంటే కార్బన్ పరమాణువుల అల్లిక, వరసలు తప్పని కాలనీ ఇళ్లలాగా. అందులో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లు ఖాళీ చేయించి, ఆ రెండింటికీ మధ్య గోడ మీద ఒక పరాయి పరమాణువుని కూర్చోబెడితే దాన్ని మేము లోపం అంటాం. లోకంలో లోపాన్ని చూసి ఇంత సంబరపడే వాళ్లం మేమే కాబోలు. ఆ లోపం మీద లేజరు వేస్తే ఒకసారికి ఒక్కటే కాంతి కణం బయటికి వస్తుంది, రెండు రావు, అరకొర రాదు, ఒక్కటి. ఒక్కొక్కటిగా వచ్చే ఆ కణాల మీద కబురు రాసి పంపిస్తే దారిలో ఎవడూ దొంగచాటుగా చదవలేడు, చదివితే తెలిసిపోతుంది. దాని కోసమే ఇదంతా. కాకపోతే ఆ వెలుగు రంగు ఎప్పుడూ ఒకేలా ఉండాలి, చెదరకూడదు. పరాయి పరమాణువు సరిగ్గా మధ్యలో కూర్చుంటే చెదరదు, చుట్టూ ఎంత విద్యుత్ గొడవ జరిగినా అటు లాగింది ఇటు లాగింది సరిపోతుంది. మా లెక్కలో అది సరిగ్గా మధ్యలోనే కూర్చుంది. రంగు ఆరువందల ఇరవై నానోమీటర్లు, నారింజలో ముంచిన ఎరుపు. పెద్దసారు ఆ పటాన్ని ఎన్ని సభల్లో చూపించాడో, ఎంత అందంగా ఉందో చూడండి, అద్దంలో పెట్టినట్టు రెండువైపులా ఒకటే అని. ఆ పటం చూసి కొలిమి వజ్రాలు మొదలెట్టాడు, ఆ ఒక్క రంగు తప్ప ఇంకేదీ లోపలికి రాకుండా ప్రత్యేకంగా చేయించిన గాజు బిళ్ల పెట్టుకుని చూశాడు. చీకటి.

"ఆరు వారాలండీ," అంటున్నాడు ఇప్పుడు, నాతోనో డబ్బాతోనో. "ఆరు వారాలు చీకట్లోకి చూశాను. ఏమైనా కనపడిందా అని మా ఆవిడ అడిగితే, మా లెక్కలమ్మ మీద నమ్మకం కనపడుతోందే అన్నాను."

"అన్నారు సరే, గాజు బిళ్ల ఒకసారి తీసి చూద్దామని తోచలేదా?"

"తోచింది. మీ అక్కగారు కూడా అదే అన్నారు. మీరేగా వద్దన్నది."

వద్దన్నానా? అన్నాను. ఆరువందల ఇరవై తప్ప వేరేది వచ్చే వీల్లేదు, టైము వృథా చెయ్యకండి అన్నాను. పోయిన సోమవారం బిళ్ల తుడవడానికి తీశాడు, పొరపాటున లేజరు ఆపలేదు, తెర మీద వెలుగు. ఏడువందల నలభై ఒకటి. ముదురు ఎరుపు, కంటికి కనపడీ కనపడనంత. పైగా ఒకచోట నిలబడదు, తాగినవాడి నడకలాగా అటో అడుగు ఇటో అడుగు. అంటే లోపం ఉంది, వెలుగు ఉంది, ఆయన ఎనిమిది నెలలు పెంచింది నిజమైన వజ్రమే. అబద్ధం ఎక్కడుందంటే నా కాగితంలో ఉంది. ఆ కాగితం మీద మొదటి పేరు అక్కది.

సరే, మనసా, ఏడవకు, లాప్‌టాప్ లేదు, ఉన్న తలకాయతో ఆలోచించు. అనుమానించాల్సిన వాళ్లు నలుగురు. మొదట కొలిమి. గదిలోకి గాలి చొరబడి నత్రజని కలిసిందేమో, వేరే లోపం వెలుగుతోందేమో. అయితే ఆయన ముక్కని ఇంకో ప్రయోగశాలకి పంపించి లోపల ఏమేం ఉన్నాయో లెక్కపెట్టించాడు, పరాయి పరమాణువు మేము చెప్పినదే, నత్రజని జాడ లేదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఎవరడిగినా తీసి చూపిస్తాడు, లిఫ్టులో ఎక్కగానే నాకూ చూపించాడు. కొలిమి కాదు. రెండోది మేము వాడే సూత్రం. ఏ సూత్రమూ ఉన్నదున్నట్టు చెప్పదు, అందాజాగా చెబుతుంది, ఎరుపుని ఇంకాస్త ఎరుపు చేస్తుంది, అంతేగానీ ఇంటి నంబరు అడిగితే పక్క ఊరి నంబరు చెప్పదు. నూట ఇరవై నానోమీటర్లు తేడా అంటే పక్క ఊరే. సూత్రం కాదు. మూడోది యంత్రం. ఏదో ఒక మెషిను ఒక అంకెని మింగేసిందేమో అని అక్క ముందే అనుమానపడింది, అదే లెక్కని రెండు వేర్వేరు మెషిన్ల మీద, రెండు వేర్వేరు నెలల్లో నడిపింది. రెండూ ఒకటే. తొమ్మిది దశాంశ స్థానాలు, చివరి అంకె దాకా ఒకటే. ఆవిడ ఎంత జాగ్రత్త మనిషో చెప్పడానికి నేను తయారు చేసుకున్న అస్త్రం అదే, పెద్దసారు ముందు పెట్టాలనుకున్నది అదే. ఇక మిగిలింది నాలుగో పేరు. లెక్క వేసింది ఎవరు? అక్క. అంకె రాసింది ఎవరు? అక్క. ఇంకేం కావాలమ్మా అంటాడు ఆయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసి. ఏం కావాలో నాకు తెలియదు సార్, ఎక్కడో ఏదో ఉంది, నాలిక చివర ఉండి రాని మాటలా ఉంది.

ఫోను గుర్రుమంది. సందేశాలు లోపలికి వస్తున్నాయి, బయటికి పోవడం లేదు, ఈ లిఫ్టుకి కూడా నా మాట వినకూడదన్న పట్టుదల. మా ఆయన. వాషింగ్ మెషిన్ తలుపు రావడం లేదు, నీ నీలం చొక్కా లోపలే ఉంది, ఏం చెయ్యను? ఏం చెయ్యకు నాయనా, మూడు నిమిషాలు ఆగితే దానంతటదే వస్తుంది, ఆరేళ్లుగా వస్తోంది. ఆ జవాబు టైపు చేస్తే గుండ్రంగా తిరుగుతూ వెళ్లకుండా ఉండిపోయింది. రెండోది వచ్చింది. గట్టిగా లాగనా? వద్దు, లాగకు, దేవుడా. పైనుంచి వాచ్‌మన్ కేక వేశాడు, "మెకానిక్ బయల్దేరాడు మేడమ్, ఐదు నిమిషాలు!" మూడూ పదిహేనుకీ ఐదు నిమిషాలే, మూడూ ఇరవై అయిదుకీ ఐదు నిమిషాలే, మూడూ ముప్పై అయిదుకీ ఐదు నిమిషాలే. ఈ భవనంలో చెదరని అంకె అదొక్కటే, వజ్రంలో పెట్టాల్సింది దాన్ని. చెమట మెడ వెనకనుంచి దిగుతోంది, గోడకి అంటించిన కాగితం మీద ఎనిమిది మంది లేదా ఐదువందల నలభై కిలోలు అని ఉంది, దాని కింద ఎవరో పెన్సిల్‌తో నిలువునా గీతలు గీశారు, జైల్లో రోజులు లెక్కపెట్టినట్టు. అవి ఎన్నిసార్లు ఆగిందో లెక్కయితే ఇవాళ్టిది పదహారోది.

తలుపు అవతల, మా తలల కంటే కాస్త పైన, ఒక గొంతు. పెద్దసారు. మీటింగు గదిలోంచి లేచి వచ్చినట్టున్నాడు.

"ఏమ్మా, బానే ఉన్నారా లోపల?"

"సార్, మీటింగు ఆపండి సార్, నేను రావాలి!"

"కంగారు పడకు. మీరు నిదానంగా రండి. ఈలోపు మేము తేల్చేస్తాం, పెద్ద పనేం కాదు. ఎవరో ఒకరి పేరు రాసి పంపాలి, పైవాళ్లు నాలుగింటికల్లా కావాలన్నారు."

"సార్, నేను లేకుండా ఎలా..."

"నువ్వు లేకపోవడమే మంచిదిలే. ఇబ్బంది పడతావు."

అడుగులు వెళ్లిపోయాయి. ఇబ్బంది పడతావు అన్న మాటలో దయ ఉంది, అది దయే, అదే భయం. ఆయన బల్ల మీద నా ఫైలు ఉంది, ఆరేళ్ల టెంపరరీ ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే ఫైలు, ఒక్క సంతకం దూరం. ఇవాళ గొడవ లేకుండా గడిస్తే రేపు సంతకం. లిఫ్టు ఆగిపోవడం నీ అదృష్టం అంటున్నాడు ఆయన. తలుపు సందులో వేళ్లు పెట్టి లాగాను, గోరు విరిగింది, తలుపు నవ్వింది. మా ఆయన మూడో సందేశం. లాగాను. నాలుగోది. హ్యాండిల్ చేతికొచ్చింది.

"మీ అక్కగారేనా మరి?" అన్నాడు కొలిమి మెల్లిగా. ఇందాకటి వెటకారం లేదు.

"కాదు."

"ఎలా తెలుసు?"

ఎలా తెలుసు? ఆవిడ అంకె రాసేముందు మూడుసార్లు చదువుతుంది కాబట్టి. తన టిఫిను డబ్బా మూత పెట్టాక కూడా తలకిందులు చేసి కారుతుందో లేదో చూస్తుంది కాబట్టి. ఒకసారి, ఎప్పుడు, వానాకాలం, ఆవిడ కుర్చీ నా పక్కకి లాక్కుని ఆ అందమైన పటాన్ని చూపిస్తూ, మేడమ్, ఇది మొన మీద నిలబెట్టిన పెన్సిల్‌లాగా ఉంది, నిలబడింది నిజమే కానీ నాకు నమ్మకం కుదరడం లేదు, ఒకసారి కంపనాల లెక్క వేసి చూద్దామా, నాలుగు రోజులు పడుతుంది అంది. నేనేమన్నాను? తల తిప్పకుండానే అన్నాను. టైము లేదక్కా. ఆవిడ సరే మేడమ్ అని కుర్చీ వెనక్కి లాక్కుంది, ఆ కుర్చీ కాళ్లు నేల మీద చేసిన చప్పుడు ఇప్పుడు ఈ డబ్బాలో వినపడుతోంది.

"సార్!" అని పైనుంచి వాచ్‌మన్. "లోపల కాస్త ఊగి చూడండి సార్! ఒక్కోసారి కదులుద్ది!"

"వద్దు!" అని నేను అనేలోపే కొలిమి లేచాడు, అరిగిపోయిన మోకాళ్ల మీద, డబ్బా చొక్కా జేబులో వేసుకుని, రెండు చేతులూ గోడలకి ఆనించి ఒక్క కుదుపు కుదిపాడు. లిఫ్టు మూలిగింది. జానెడు కిందికి జారింది.  తర్వాత ఇనప పళ్ల మధ్య ఏదో ఇరుక్కున్న శబ్దం, మళ్లీ ఆగిపోయింది. "చూశారా," అన్నాడు రొప్పుతూ, "అంతసేపూ కదలకుండా ఉందని గట్టిగా ఉందనుకున్నాం. కుదిపేదాకా తెలీదు." చెంప పగలగొట్టాలనిపించింది. వెంటనే, ఎందుకో, నాన్న కనిపించాడు. నాన్న కళ్లజోళ్ల కొట్టు, ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సినంత కొట్టు, గోడ పొడుగూతా ఖాళీ ఫ్రేములు కళ్లులేని చూపులు చూస్తూ. నాన్న జోడు బిగించి, చెవుల వెనక కమ్మీ వంచి, అద్దం ముందు పెట్టగానే బాగుందని లేవబోయిన ప్రతి మనిషినీ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేవాడు. ఒకసారి తల ఊపండి. ఇంకా గట్టిగా. వంగండి, షూ లేసు కట్టుకుంటున్నట్టు. జారిందా, చూశారా, మళ్లీ ఇటివ్వండి. కదలకుండా కూర్చున్న మొహం మీద ఏదైనా నిలబడుతుందండీ అనేవాడు, విసుక్కునే వాళ్ల మీద తనూ విసుక్కుంటూ. నేను లెక్కలు నేర్చుకున్నాక కంప్యూటర్‌కి వరసగా పనులు చెప్పే స్క్రిప్టు మొదటిసారి రాసినప్పుడు, అందులో ఒక లైనుకి ఆ పేరే పెట్టాను. తలఊపు. ఏమిటంటే, పరమాణువు సరిగ్గా మధ్యలో ఉంటే అటువైపు లాగేదీ ఇటువైపు లాగేదీ సమానం, కంప్యూటర్ అడుగుతుంది నిన్నెవరైనా లాగుతున్నారా అని, లేదు అంటుంది అది, అయితే కుదురుకున్నావన్నమాట అని రాసేసుకుని వెళ్లిపోతుంది. మొన మీద నిలబడ్డ పెన్సిల్‌ని కూడా అలాగే రాసుకుంటుంది. అందుకని మొదలెట్టే ముందే ప్రతి పరమాణువునీ వెంట్రుకవాసి తొయ్యాలి, ఒక్కోసారి ఒక్కోవైపు, గుడ్డిగా. నిజంగా అక్కడే కుదురుకునేదైతే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కాకపోతే పక్కకి జారిపోయి ఇంకెక్కడో కూర్చుంటుంది, అసలు ఇల్లు అదే. గుడ్డిగా తోసినది కాబట్టి ఎన్నిసార్లు లెక్క వేసినా చివరి రెండు మూడు అంకెలు కాస్త అటూ ఇటూ వస్తాయి. ఎప్పుడూ. తప్పకుండా.

చివరి అంకె దాకా ఒకటే.

తొమ్మిది దశాంశ స్థానాలు. రెండు మెషిన్లు, రెండు నెలలు, చివరి అంకె దాకా ఒకటే. ఇది చూసి నేను గర్వపడ్డాను! జేబులో అస్త్రమని పెట్టుకు తిరుగుతున్నాను! అలా రావడానికి వీల్లేదు, తలఊపు లైను పనిచేస్తుంటే రానే రాదు, వచ్చిందంటే ఆ లైను పనిచెయ్యలేదు, పరమాణువుని ఎవరూ తొయ్యలేదు, అది మధ్యలో మొన మీద నిలబడి ఉండగానే మేము ఫోటో తీసి అందంగా ఉందన్నాం. నిజం వజ్రంలో అది ఎప్పుడో పక్కకి జారిపోయింది, అందుకే రంగు ముదిరింది, అందుకే తాగినట్టు ఊగుతోంది. గోడకి నుదురు ఆనించాను. ఆ లైను ఎందుకు పనిచెయ్యలేదు? నేను రాసిన స్క్రిప్టు, నా పేరున ఉన్న ఫైలు, అందరూ కాపీ చేసుకుంటారు, అక్క కూడా చేసుకుంది, మార్చే హక్కు ఒక్క లాగిన్‌కే ఉంది. నలభై మూడో లైను. దాని ముందు హాష్ గుర్తు పెడితే చాలు, కంప్యూటర్ ఆ లైను చదవకుండా దాటిపోతుంది, దాన్నే మేము లైను మూయడం అంటాం. ఒక్క గుర్తు. నిలువు రెండు గీతలు, అడ్డం రెండు గీతలు.

వద్దనుకుంటున్నా వచ్చేసింది ఆ మధ్యాహ్నం. రెండేళ్ల కిందట, పెద్దసారు నా కుర్చీ వెనక నిలబడి, టీ కప్పు నా నోటుబుక్కు మీద పెట్టి, దాని గుండ్రటి మరక ఇప్పటికీ ఉంది, ఇదేమిటమ్మా, పొద్దున ఒక అంకె, ఇప్పుడో అంకె, చివర మారిపోతూ ఉంటే నన్నెవరు నమ్ముతారు, పటం కూడా ఒకవైపు వంకరగా ఉంది, రేపు సభలో పెట్టాలి, చక్కగా, రెండువైపులా సమానంగా, ఎప్పుడు వేసినా ఒకేలా వచ్చేట్టు చెయ్యి అన్నాడు. వంకరగా ఉందన్నాడు! ఆవేళే నిజం తెర మీదికి వచ్చి కూర్చుంది, ఆయన దాన్ని వంకరన్నాడు, నేను ఇదీ కారణం సార్ అని చెప్పాలి, చెప్పలేదు, సాయంత్రం నా ఫైలు గురించి ఆయన్ని అడగాల్సిన పని ఉంది. ఈ ఒక్క పటానికే కదా, రేపు తీసేద్దాం అనుకుని హాష్ పెట్టాను. చక్కటి పటం వచ్చింది. శభాష్ అన్నాడు. రేపు తీసేద్దాం అన్న ఆ రేపు రెండేళ్లయినా రాలేదు. అయితే ఇదే మాట ఆయనతో అంటే? మూయమన్నది మీరే సార్, అంటే? మూయమనలేదమ్మా, చక్కగా చెయ్యమన్నాను అంటాడు. అది నిజం కూడా. ఆయనకి నలభై మూడో లైను ఏమిటో తెలియదు. వేలు నాది. లాగిన్ నాది. గుర్తు పెట్టిందీ నేనే, టైము లేదక్కా అన్నదీ నేనే. అసలు ఎవరికీ తెలియదు కదా, ఇంటికి పోయి ఆ గుర్తు చెరిపేస్తే, అంది ఒక గొంతు లోపల, చాలా మర్యాదగా, అచ్చం పెద్దసారు దయలాగా. లెక్క మళ్లీ వేయిద్దాం, ఏడువందల నలభై వస్తుంది, ఏదో అప్పుడలా వచ్చింది అందాం, అక్కకి ఇంకోచోట ఉద్యోగం మనమే చూద్దాం, సంతకం రేపే. ఛీ. ఎంత వేగంగా ఆలోచిస్తుందో ఈ పాడు బుర్ర తన ప్రాణం మీదికొస్తే, ఆరు వారాలు చీకట్లో మనిషి కూర్చుంటే మాత్రం ఆలోచించదు.

"దొరికిందా?" అన్నాడు కొలిమి. నా మొహం చూస్తున్నాడు.

"దొరికింది."

"ఎవరు?"

నోరు తెరిచాను. పైన ఇనుప చక్రం తిరుగుతున్న చప్పుడు, కిర్రు, కిర్రు, మెకానిక్ చేత్తో తిప్పుతున్నాడు, లిఫ్టు బెత్తెడు బెత్తెడు చొప్పున పైకి లేచి, ఆయాసం వచ్చినట్టు మళ్లీ ఆగిపోయింది. తాళంచెవి పెట్టి బయటి తలుపూ, దాని వెంట లోపలి తలుపూ తీశారు. ఐదో అంతస్తు నేల నా ఛాతీ ఎత్తున ఉంది. నా కళ్లకి ముందు కనపడింది బూట్లు, పాలిష్ పెట్టిన పెద్దసారు బూట్లు, వాటి పక్కన వాచ్‌మన్ చెప్పులు, వాటికి కాస్త వెనగ్గా, ఒక పట్టీకి పిన్నీసు పెట్టిన అక్క చెప్పులు. గోడ మీద గడియారం నాలుక్కి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"వచ్చేశారా! రండి రండి," అన్నాడు పెద్దసారు, చేతిలో ఫైలుతో. "నువ్వు పోగొట్టుకున్నదేం లేదమ్మా. అయిపోయింది. ఆవిడ పేరు రాశాం, సంతకం ఒక్కటే బాకీ. ఆవిడేమీ అభ్యంతరం కూడా చెప్పలేదు. నీ ఫైలు కూడా ఇవాళే చూసేస్తాను."

వాచ్‌మన్ చేతులు పట్టుకుని లాగుతున్నాడు, కింద కొలిమి తన మోకాలు మెట్టులా పెట్టాడు, నేను మోచేతులు రెండూ గచ్చు మీద ఆనించి, సగం మనిషిని అంతస్తులో, సగం మనిషిని గోతిలో ఉండి తలెత్తి చూశాను. అక్క చేతిలో ఒక కాగితం ఉంది. నా స్క్రిప్టు ప్రింటు. మధ్యలో ఒక లైను చుట్టూ పెన్సిల్‌తో సున్నా, దాని ముందున్న గుర్తు మీద ఇంకో చిన్న సున్నా. ఆవిడకి తెలుసు. నేను లేని ఈ ముప్పావు గంటలోనే వెతికి పట్టుకుంది, పట్టుకుని కూడా ఆ గదిలో నోరు విప్పలేదు. నా కళ్లలోకి చూసింది, కోపం లేదు, జాలి లేదు, వానాకాలంలో కుర్చీ వెనక్కి లాక్కున్నప్పటి చూపే, సరే మేడమ్ అన్న చూపు. పెన్సిల్ సున్నా లోపలికి పోయేట్టు కాగితాన్ని మడత పెట్టడం మొదలెట్టింది.

"మడత పెట్టకండక్కా," అన్నాను.

"ఏంటది?" అన్నాడు పెద్దసారు అటు తిరిగి.

"ముందు పైకి రండి మేడమ్, పడతారు," అంది అక్క.

"పర్లేదు, ఇక్కణ్ణుంచే చెబుతా. సార్, ఆ పేరు కొట్టెయ్యండి. నలభై మూడో లైను మూసెయ్యడం వల్ల వచ్చిన తప్పు అది. అక్క అడిగింది కూడా, సరిచూద్దామా అని. వద్దన్నారు. లైను మూసిన మనిషీ, వద్దన్న మనిషీ ఒకటే."

"ఎవరమ్మా?" అన్నాడు పెద్దసారు. జేబులోంచి పెన్ను తీశాడు.

గచ్చు మీదికి చూస్తూ ఏదో గొణిగాను.

"గట్టిగా చెప్పండి లెక్కలమ్మా," అన్నాడు కొలిమి కిందనుంచి, నా పాదాన్ని మోకాలి మీద మోస్తూ. "ఆరు వారాలు చీకట్లో కూర్చున్నవాడికి కూడా వినపడాలి."

"నేను!" అన్నాను. "ఆ లైను మూసింది నేను."